తెలుగు బడికి ఇంటిపన్ను

ఘాజియాబాద్,
8 జూన్ 2025.

అన్నయ్యకు, వదినకు నమస్కారాలు.

మొన్న వదిన ఫోన్‌కి చేస్తే నువ్వే తీశావు. నేను అడగని ప్రశ్నకు "ఆఁ, అందరం బాగున్నాం" అని జవాబు చెప్పి పెట్టేశావు. చెవి మిషను ఈల వేస్తోందని తరవాత వదిన చెప్పింది. అందుకే మళ్లీ కాగితం మీదికి వచ్చాను. నాకూ ఇదే బాగుంది. ఫోనులో నువ్వు మధ్యలో అడ్డం పడతావు, ఉత్తరంలో పడలేవు.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. కూలరు వేస్తే ఉక్క, ఆపితే వేడి. పార్కులో వాకింగుకు తెల్లారకముందే బయల్దేరుతున్నాం. మా అమ్మాయి హారిక పోయిన వారం నోయిడా నుంచి వచ్చి ఒక పూట ఉండి వెళ్లింది. ఆఫీసు క్యాబు ఎక్కేటప్పుడు కూడా దాని చెవిలో మీటింగు నడుస్తూనే ఉంది పాపం.

అసలు సంగతి వేరే. ఈ ఏడాది హౌస్ టాక్స్ బిల్లు వచ్చింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. నిరుటి దానికి నాలుగింతలు ఉంది. కొత్త రేట్లట, కాలనీలో అందరికీ పెరిగింది. ఎదురింటి ఇంద్రాణి తెలుసుగా, తణుకు వాళ్లు, వాళ్లాయన రైల్వేలో చేసి రిటైరయ్యాడు, వాళ్లకు ఒకటిన్నర రెట్లు అయింది. మరి నాకే ఇంత ఎందుకని చూస్తే, ఇంటి వివరం దగ్గర 'కమర్షియల్' అని ఉంది. అంటే వ్యాపార స్థలమన్నమాట. ఏడవాలో నవ్వాలో తెలియక ముందు టీ పెట్టుకున్నాను.

ఇదంతా ఆ ఆదివారాల మహిమ. నీకు ఫోనులో చెప్పాను కదా. గేటుకు బోర్డు పెట్టినప్పటి నుంచీ జనం ఇంకా పెరిగారు. ఎంత పులిహోర కలిపినా చాలడం లేదు. వదిన ఆవకాయ పాళ్లు పెద్ద లెక్కలో రాసి పంపమను, పోయినసారి కలిపింది వేసవి దాటేలా లేదు.

ఆ బిల్లు గురించి నువ్వేమంటావో రాయి. ఆ శాఖలో పని చేసినవాడివి నువ్వే కదా మన ఇంట్లో.

నీ చెల్లెలు,
కావేరి.


కాకినాడ,
16 జూన్ 2025.

చి. కావేరికి అన్నయ్య దీవెనలు.

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. మీ వదిన ఒకసారి చదివి వంటింట్లోకి వెళ్లిపోయింది.

నేను సర్వీసంతా ఈ ఊరి వీధుల్లో ఇంటిపన్ను బిల్లులు చేతబట్టుకుని తిరిగినవాణ్ణి. నన్ను చూడగానే కుక్కలు మొరిగేవి, మనుషులు లోపలికి పోయేవారు. ప్రతి గుమ్మం దగ్గరా ఒకటే మాట, "మాకే ఎందుకండీ ఇంత వేశారు" అని. అడిగిన ప్రతివాడి పెరట్లోనూ ఏదో ఒకటి ఉండేది. ఒకాయన ఇంట్లో పిండిమర ఉంది. ఇంకొకాయన మేడ మీద ప్రింటింగు ప్రెస్సు నడుపుతూ, ఆ చప్పుడు వాళ్లావిడ గురక అని చెప్పాడు. కనక నేను చెప్పేదేమంటే, సర్వేకు వచ్చినవాడు ఊరికే కమర్షియల్ అని రాయడు. ఏదో చూసే రాస్తాడు.

ఫోనులో నువ్వేం చెప్పావో నాకు వినపడలేదు. వినపడిందని తల ఊపాను, అది నీకు కనపడలేదు. ఇప్పుడు నేను సూటిగా అడుగుతున్నాను. గేటుకు బోర్డేమిటి? ఆదివారం జనమేమిటి? పులిహోర ఎవరికి? మీ వదిన నువ్వు పచ్చళ్ల దుకాణమో, భోజనాల మెస్సో పెట్టావంటోంది. తప్పేమీ లేదు, కానీ పెన్షను తీసుకుంటున్నదానివి, ఈ వయసులో నీకు ఆ అవసరం ఎందుకు వచ్చింది? వచ్చినా మాకు ముందుగా ఎందుకు చెప్పలేదు?

వ్యాపారం చేస్తే చేశానని ఒప్పుకుని పన్ను కట్టు. మన ఇంటిపేరు మీద బకాయి ఉండకూడదు.

పాళ్లు మీ వదిన వేరే కాగితం మీద రాసింది. కారం తగ్గించమంది, బయటివాళ్లు అంత తినలేరట.

ఇట్లు,
భీమేశ్వరరావు.


ఘాజియాబాద్,
25 జూన్ 2025.

అన్నయ్యా,

పచ్చళ్ల దుకాణం అన్నమాట ఇంద్రాణికి చదివి వినిపిస్తే ఆవిడ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. తోడబుట్టినవాడివి, ఆ సర్వే కుర్రాడి మాట నమ్మావు, నా మాట నమ్మలేదు.

విను. ఏడాదిగా ప్రతి ఆదివారం పొద్దున మా ముందు వరండాలో పిల్లలకు తెలుగు చెబుతున్నాను. మన తెలుగువాళ్ల పిల్లలే. కొందరు ఈ కాలనీ వాళ్లు, కొందరు నోయిడా అపార్ట్‌మెంట్ల నుంచి వస్తారు. ఇంట్లో అమ్మానాన్నలు తెలుగులో అడిగితే వీళ్లు హిందీలో జవాబు చెబుతారు. అక్షరం ముక్క రాదు. నా కూతురు హారికకూ రాదు కదా. అప్పట్లో నేను ఆఫీసు నుంచి వచ్చేసరికే ఓపిక అయిపోయేది. సరే, గేటుకు 'తెలుగు బడి' అని చిన్న బోర్డు పెట్టాను. ఫీజు లేదు. చదువు అయ్యాక ఆకలేస్తుందని పులిహోరో, ఆవకాయ అన్నమో పెడతాను. అదీ నా వ్యాపారం.

సర్వేకు వచ్చిన కుర్రాడికి తెలుగు రాదు. అక్కడ ఆడుకుంటున్న పిల్లలను "యహాఁ క్యా హై" అని అడిగాడట. వాళ్లు "క్లాస్ హై" అన్నారు. వాడు కోచింగ్ సెంటర్ అని రాసుకుని పోయాడు. అతన్నీ తప్పు పట్టలేను. ఇక్కడ పిల్లలూ బోర్డూ కలిసి కనపడితే ఎవరైనా అదే అనుకుంటారు.

ఇంద్రాణి మాట విని బోర్డు తీసేసి మంచం కింద పెట్టాను. మా కాలనీ కమిటీ మొన్న పార్కులో సమావేశం పెట్టి, రేట్లు తగ్గించేదాకా ఎవరూ పన్ను కట్టకూడదని తీర్మానించింది. నేనూ సంతకం పెట్టాను. నీకు నచ్చదని తెలుసు. కానీ పెన్షనర్లం అన్నయ్యా, మా ఆదాయం ఒకటిన్నర రెట్లు పెరగలేదు కదా. ఇలాగే బిల్లులు వస్తే ఇల్లు అమ్ముకుని ఏ కాశీకో పోవాలి.

వదినకు చెప్పు, కారం తగ్గించను. ఇషిత అని ఒక పిల్ల ఉంది, ఎనిమిదేళ్లు, కళ్లనిండా నీళ్లు పెట్టుకుని కూడా ఇంకో ముద్ద అడుగుతుంది.

కోపంగానే,
కావేరి.


కాకినాడ,
4 జూలై 2025.

చి. కావేరికి దీవెనలు.

నీ ఉత్తరం చేరింది. సంగతులన్నీ తెలిశాయి. ఇక్కడ అందరం క్షేమం. వర్షం రెండు రోజులు పడింది. కొబ్బరిచెట్టుకు పురుగు పట్టింది, మందు కొట్టించాను. మీ వదినకు మోకాలి నొప్పి తగ్గింది. నువ్వు ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకో. వేళకు తిను. దేనికీ బెంగ పడవద్దు. పన్నుల విషయం నేనిక మాట్లాడను.

భీమేశ్వరరావు.


ఘాజియాబాద్,
20 జూలై 2025.

అన్నయ్యా,

నీ జూలై ఉత్తరం చూసి నాకు అప్పుడే అనుమానం వచ్చింది. నువ్వు నన్ను ఒక్క మాటైనా అనకుండా ఉత్తరం ముగించడం నేనెప్పుడూ చూడలేదు.

అదే రోజు హారికకు ఇంకో ఉత్తరం రాశావట, రహస్యంగా, 'ఈ సంగతి మీ అమ్మకు తెలియనివ్వకు' అని పైనే గీత గీసి మరీ. ఆ పిల్లకు తెలుగు చదవడం రాదని నేను రాసిన ఉత్తరంలోనే ఉంది. పాపం దానికి కవరు మీద నీ పేరు మాత్రం ఇంగ్లీషులో కనపడింది. మావయ్య ఉత్తరం రాశాడంటే ఏదో ముఖ్యమైనదేనని మెట్రో ఎక్కి, ఆటో పట్టుకుని నేరుగా నా దగ్గరికి వచ్చింది. "అమ్మా, పఢ్ కే సునావో" అంది.

నేనే చదివి వినిపించాను.

'మీ అమ్మ అభిమానస్తురాలు. నోరు తెరిచి ఎవరినీ అడగదు. ఆదివారాలు పిల్లలకు అన్నం పెట్టి, చదువు చెప్పి నాలుగు రాళ్లు వెనకేసుకుంటోందేమో, ఫీజు లేదని నాకు చెబుతోంది. ఇల్లు అమ్ముతానని కూడా రాసింది. నువ్వు దగ్గరలో ఉండి ఏం చూస్తున్నావు?' ఇక్కడిదాకా వచ్చేసరికి నా గొంతు నాకే వింతగా వినిపించింది. తరవాతి పేజీ కొంత వదిలేసి చదివాను. నా కళ్లు వరసలు దాటడం హారిక పట్టేసింది, "వో లైన్ భీ పఢో" అంది. చదివాను. 'మీ అమ్మ చిన్నప్పుడు కూడా ఇంతే. పరీక్ష ఫీజు కట్టాలని అడగలేక రెండు రోజులు అన్నం మానేసింది' అని రాశావు. ఆ సంగతి నీకు తెలుసని నాకు ఇన్నాళ్లూ తెలియదు.

నాకు నీ మీద చాలా కోపం రావలసింది. వచ్చింది కూడా, కానీ నిలబడలేదు.

అయితే జరిగింది విను. హారిక ఏడుస్తూ వెళ్లిపోయింది. శనివారం అల్లుడు ఆదిత్య ఒక బ్రోకరును వెంటపెట్టుకుని వచ్చాడు. ఆ బ్రోకరు గదులన్నీ చూసి, గోడ మీద వేలితో కొట్టి, "లొకేషన్ అచ్ఛీ హై ఆంటీ" అన్నాడు. ఇల్లు అమ్మేసి నోయిడాలో వాళ్ల ఫ్లాటుకు వచ్చెయ్యమంటారు. ఆదిత్య మంచివాడు, ప్రేమగానే చెప్పాడు. "మీరు పన్ను గొడవలు పడక్కర్లేదు అత్తయ్యా, అక్కడ అన్నీ సొసైటీ వాళ్లే చూసుకుంటారు" అన్నాడు. బ్రోకరుకు టీ ఇచ్చి, బిస్కెట్లు పెట్టి, ఇల్లు అమ్మకానికి లేదని చెప్పి పంపేశాను. ఆదిత్య మొహం చిన్నబోయింది. హారిక అప్పటి నుంచీ ఫోను ఎత్తడం లేదు.

కాశీకి పోతానన్నది మాటవరసకు అన్నయ్యా. మీ బావగారు ఒక్కో ఇటుకా చూసి కట్టించిన ఇల్లు ఇది. నేను ఎక్కడికీ పోవడం లేదు.

పన్ను మీద అభ్యంతరాలు వినడానికి ఆగస్టులో కమ్యూనిటీ హాల్లో శిబిరం పెడుతున్నారు. ఏం చెప్పాలో, ఏం అడగాలో నువ్వు చెప్పు. ఈసారి నాకే రాయి.

కావేరి.


కాకినాడ,
29 జూలై 2025.

చి. కావేరికి,

నీ ఉత్తరం మీ వదిన నాకంటే ముందు చదివింది. ఆ పూట నాకు భోజనం వడ్డించిన తీరు బట్టే సంగతి అర్థమైంది. హారికకు తెలుగు రాదన్న మాట నాకు తట్టలేదు. మన ఇంటి పిల్లకు తెలుగు చదవడం రాదని ఎందుకు అనుకుంటాను?

ఫీజు విషయంలో నిన్ను నమ్ముతున్నాను. ఆ మాట ఇంతటితో సరి.

ఇక శిబిరం. మొదట బోర్డు మంచం కింద నుంచి తీసి మళ్లీ గేటుకు తగిలించు. దాచిపెట్టావంటే తప్పు చేశానని నువ్వే ఒప్పుకున్నట్టు. పిల్లల్నీ, వాళ్ల పెద్దల్నీ తీసుకెళ్లు. అధికారికి వాళ్ల చేతే చెప్పించు. మా ఊళ్లో అయితే రివిజన్ పిటిషన్ అనేవాళ్లం, మీ దగ్గర ఏమంటారో.

రెండోది, ఇల్లు మళ్లీ కొలవమని అడుగు. తప్పు ఒకచోట దొరికితే ఇంకోచోటా ఉంటుంది. కొలిస్తే నీకే లాభం. ఇది నా సర్వీసు అనుభవంతో చెబుతున్నాను.

మూడోది నీకు నచ్చదు. రేటు ఎక్కువని అర్జీ పెట్టుకోండి, సభలు పెట్టుకోండి. కానీ అసలు కట్టమని కూర్చోవద్దు. మీ వీధి దీపం వెలగాలి, చెత్తబండి రావాలి. ఎండలో నిలబడి నేను బిల్లు ఇస్తే నా మొహాన తలుపేసినవాళ్లు, మర్నాడు కాలువ తీయించలేదని నన్నే కేకలేసేవారు. నువ్వు వాళ్లలో కలవడం నాకు కష్టంగా ఉంది.

హారికకు నేను ఏం రాస్తే బాగుంటుందో చెప్పు. ఇంగ్లీషులో రాద్దామంటే నాకు ఆఫీసు ఇంగ్లీషే వచ్చు. నోటీసులా ఉంటుంది.

అన్నయ్య.


ఘాజియాబాద్,
31 ఆగస్టు 2025.

అన్నయ్యకు, వదినకు నమస్కారాలు.

ఆలస్యమైంది, చెప్పవలసింది చాలా ఉంది. ఇంద్రాణి తెచ్చిన జామకాయలు పక్కన పెట్టుకుని కూర్చున్నాను, చేతికి అంటిన ఉప్పు కాగితానికీ అంటితే ఏమనుకోకు.

శిబిరానికి పిల్లలతో సహా వెళ్లాను. హారికకు మెసేజి పెట్టాను, రమ్మని అడగలేదు, ఫలానా రోజని చెప్పానంతే. ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చి వెనక కుర్చీలో కూర్చుంది. అధికారి ఒక ఆవిడ, నా కన్నా బాగా చిన్నది. ఓపిగ్గా అందరివీ వింటోంది. నా వంతు వచ్చాక కాగితాలు చూసి, ముందుకు తోసుకొచ్చిన ఇషితను అడిగింది.

"బేటా, ఆంటీ ఫీజ్ కిత్నీ లేతీ హైఁ?"

"ఫీజ్ నహీఁ హై. పులిహోర హై."

"వో క్యా హోతా హై?"

"పీలే చావల్. మిర్చీ వాలే."

పసుపు అన్నమట, మిరపకాయలు వేసిందట! హాలంతా నవ్వింది. ఆవిడా నవ్వింది. అంతటితో అయిపోయేదే. కానీ ఇషిత వాళ్ల నాన్న లేచాడు. మంచి మనసున్నవాడు, మెతక మనిషి. "మేడమ్, ఆంటీకి ఈ పెరిగిన టాక్స్ భారం కాకూడదు. తల్లిదండ్రులందరం నెలనెలా కొంత వేసుకుని ఇచ్చేస్తాం" అని హిందీలో చెప్పాడు. ఆవిడ కలం ఆగింది. "అచ్ఛా, అయితే డబ్బు ఇస్తారన్నమాట" అంది. ఆయన కూర్చోబోయి సగంలో నిలబడిపోయాడు. ఇంద్రాణి నా మోచెయ్యి గిల్లింది.

 నేనే చెప్పాను. "ఆయన ఇస్తానన్నది ఈ పన్ను వచ్చిందని. పన్ను రాకముందు ఎవరూ ఇవ్వలేదు, నేను తీసుకోలేదు. ఇప్పుడు పన్ను కట్టడానికని తీసుకుంటే, ఆ రోజు నుంచి మీరు వేసిన పన్ను సరైనదే అవుతుంది. అందుకే తీసుకోను. వ్యాపారమని మీరు ఉంచేస్తే నా పెన్షనులోంచి కడతాను, బడి మాత్రం ఆపను."

ఆవిడ "ఠీక్ హై మాతాజీ" అని కమర్షియల్ కొట్టేసి నివాసం అని రాసింది. నేను అక్కడితో ఆగాల్సింది. నీ సలహా గుర్తొచ్చి, ఇల్లు మళ్లీ కొలిపించండి అని అడిగాను.

కొలిచారు. మీ బావగారు పోయేముందు అద్దాలు బిగించి గదిలా చేయించిన ముందు వరండా పాత లెక్కలో లేదట. ఇప్పుడు చేరింది. నాలుగింతల బిల్లు దిగింది కానీ, ఇంద్రాణి బిల్లు కన్నా కాస్త పైకి ఎక్కి కూర్చుంది. నీ సర్వీసు అనుభవానికి నా నమస్కారాలు.

బిల్లు కట్టేశాను. ముందు కమిటీ వాళ్లకు చెప్పాను, నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానని. ఇంద్రాణి మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు జామకాయలు తెచ్చింది. "నువ్వు కట్టావు కాబట్టి రేట్ల అర్జీ నువ్వే రాయి, బకాయి ఉన్నవాళ్లు రాస్తే ఎవరు వింటారు" అంది. రాశాను. కాలనీ అంతా సంతకాలు పెట్టాం. జవాబు ఇంకా రాలేదు. నీ మూడో మాట నాకు నచ్చలేదు కానీ, దాన్నే చేశాను చూడు.

హారిక సంగతి. హాలు నుంచి బయటికి వచ్చాక నాతోనే ఆటో ఎక్కింది. ఇంటికి వచ్చి వరండాలో చాప మీద కూర్చుని, "అమ్మా, నువ్వు ఇలా మాట్లాడతావని నాకు తెలీదు" అంది, తెలుగులోనే. ఇల్లు అమ్మే మాట ఇక ఎత్తనంది. ఆదివారం మళ్లీ వచ్చింది. ఇషిత పక్కన కూర్చుని అ, ఆ దిద్దింది. ఇషిత దానికి అలా కాదు దీదీ అని చెయ్యి పట్టుకుని దిద్దించింది. నీ ఉత్తరం దాని బ్యాగులోనే ఉంది. తనంతట తాను చదువుకుంటుందట. నువ్వు దానికి ఇంకేమీ రాయకు కొన్నాళ్లు, ముందు అది పూర్తి చేయనీ.

మీ కావేరి.


కాకినాడ,
11 సెప్టెంబరు 2025.

చి. కావేరికి, హారికకు, అల్లుడికి, ఇంద్రాణమ్మగారికి ఆశీస్సులు.

నీ ఉత్తరం మీ వదిన గట్టిగా చదివింది. నాకు వినపడింది. పక్కింటివాళ్లకూ వినపడింది. పులిహోర దగ్గర వాళ్లు కూడా నవ్వారు.

నువ్వు అధికారితో అన్న మాట నేను సర్వీసులో ఉండగా ఎవరైనా నాతో అని ఉంటే, ఆ ఇంటికి వెళ్లి కాఫీ తాగి వచ్చేవాణ్ణి. ఎవరూ అనలేదు. కొలత విషయంలో నేను నోరు మూసుకుంటాను.

ఇప్పుడు నీకు ఒకటి చెప్పాలి. ఇల్లు అమ్ముతానని నువ్వు రాసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అల్లుడి ఇంట్లో నువ్వు ఇమడలేవని నాకు తెలుసు. మర్నాడే మేస్త్రీని పిలిచి డాబా మీద నీకోసం ఒక గది మొదలుపెట్టించాను. నువ్వు ఎక్కడికీ పోవడం లేదని ఉత్తరం వచ్చేసరికి గోడలు లేచాయి. ఆపేయమని మీ వదిన అంది. సగం గోడలు ఏం చేసుకుంటామని పూర్తి చేయించాను. పోయిన వారం సున్నం కూడా అయింది.

సోమవారం వార్డు సచివాలయానికి వెళ్లి, కొత్త గది కట్టాను, పన్నులో చేర్చమని అడిగాను. అక్కడి అమ్మాయి ఏదో అంది, వినపడలేదు. మళ్లీ అంది. చివరికి కాగితం మీద రాసి చూపించింది, 'మీ మీద ఎవరైనా కంప్లయింట్ ఇచ్చారా తాతగారూ' అని. లేదన్నాను. ఆ పిల్ల లేచి నాకు కుర్చీ వేసింది. సాయంత్రం ఇద్దరు వచ్చి కొలుచుకుని వెళ్లారు. నేనే టేపు రెండో కొస పట్టుకున్నాను.

పన్ను పెరిగింది. మీ వదిన రెండు పూటలు మాట్లాడలేదు. "ఘాజియాబాదులో మీ చెల్లెలికి బిల్లు వస్తే కాకినాడలో మనం కట్టడమేమిటి" అని పూలకుండీకి చెప్పుకుంది. అయినా నిన్న తనే పైకి వెళ్లి గది కడిగి, ముగ్గు వేసి వచ్చింది.

పన్ను కడుతున్న గది ఖాళీగా ఉంచడం నాకు ఇష్టం లేదు. పిల్లల బడికి సెలవులు ఇచ్చి నెల రోజులైనా రా. హారికను కూడా తీసుకురా. కిటికీ తూర్పుకు పెట్టించాను, గాలి బాగా వస్తుంది. మంచం కిటికీ వైపు వేయించనా, గోడ వైపు వేయించనా? జవాబు రాగానే వడ్రంగిని పిలుస్తాను.

నీ అన్నయ్య,
భీమేశ్వరరావు.